తొట్టిలోకి బయటినుంచి వచ్చేది మేత ఒక్కటే

అక్వేరియం కొనేటప్పుడు అద్దం మందం ఎంత, ఫిల్టరు గంటకు ఎన్ని లీటర్ల నీటిని తిప్పుతుంది, దీపం ఎంత వెలుగునిస్తుంది అని పదిమందిని వాకబు చేస్తారు. ఏ చేపకు ఏ చేప పొసుగుతుందో తెలుసుకోవడానికి రోజులు వెచ్చిస్తారు. అన్నీ అయిపోయాక, డబ్బు చెల్లించే బల్ల దగ్గర కంటబడిన మేత డబ్బా ఒకటి తీసి సంచిలో వేసుకుంటారు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి, నీళ్లు మార్చడం మినహాయిస్తే, ఆ తొట్టిలోకి రోజూ వెళ్లేది ఆ డబ్బాలోని పదార్థమే. చేప ఒంట్లో కొత్తగా ఏర్పడే కండ, ఎముక, పొలుసు దానినుంచే రావాలి. నీళ్లలో పేరుకునే అమ్మోనియా, ఫాస్ఫేటు కూడా చాలావరకు దానినుంచే వస్తాయి. వాగులోని చేపకు ఒకచోట తిండి సరిపడకపోతే మరోచోటికి పోయే వీలుంది. రాతి మీది నాచు గీకుతుంది, నీటిపై వాలిన పురుగును అందుకుంటుంది, బురద తవ్వుకుంటుంది. తొట్టిలోని చేపకు మనిషి వేళ్ల మధ్యనుంచి రాలిందే ఆహారం. అందులో ఏదైనా లోపిస్తే పూడ్చుకునే దారి దానికి లేదు.

అందుకే మంచి మేతను గుర్తించడానికి ఒక సూటి కొలబద్ద పెట్టుకోవచ్చు. వేసినదాంట్లో ఎంత చేప ఒంటికి పడుతోంది, ఎంత నీటిలో మురికిగా మిగిలిపోతోంది? డబ్బా ముందువైపు మెరిసే బొమ్మలు, పెద్ద అక్షరాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. వెనుకవైపు సన్నని అక్షరాలు కొంత చెబుతాయి. మిగతాది చేప నోరు, పేగు, ఫిల్టరు చెబుతాయి.

డబ్బా మీద అన్నిటికన్నా ముందు కంటపడేది ప్రోటీన్ శాతం. 45 అని ఒకటి, 52 అని మరొకటి పక్కపక్కన ఉంటే చేయి సహజంగా 52 వైపే పోతుంది. ఆ అంకె ఎలా పుడుతుందో తెలిస్తే చేయి కాస్త ఆగుతుంది. ప్రయోగశాలలో సాధారణంగా కొలిచేది ప్రోటీన్‌ను కాదు, నత్రజనిని. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ కెల్డాల్ 1883లో వెలువరించిన పద్ధతి ఇందుకు ఆధారం. ప్రోటీన్లలో సగటున 16 శాతం నత్రజని ఉంటుంది గనుక, పరీక్షలో తేలిన నత్రజనిని 6.25తో గుణించి దాన్ని ముడి ప్రోటీన్ అంటారు. ఆ నత్రజని చేప కండనుంచి వచ్చిందా, కోడి ఈకల పొడినుంచి వచ్చిందా అన్నది ఈ లెక్కకు పట్టదు. ఈకల్లో ఉండేది కెరటిన్ అనే గట్టి ప్రోటీన్. ఆవిరి ఒత్తిడిలో ఉడికించి విడగొడితే తప్ప చేప దాన్ని సరిగా అరిగించుకోలేదు. కాగితం మీద మాత్రం ఈకల పొడికి 80 శాతం పైగా ముడి ప్రోటీన్ కనిపిస్తుంది.

ఈ లెక్కలోని లొసుగు ఎంత పెద్దదో 2007లో బయటపడింది. ఉత్తర అమెరికాలో పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు చెడి చనిపోతుంటే ఆరా తీశారు. వాటి ఆహారంలో వాడిన గోధుమ గ్లూటెన్‌లో, అంటే గోధుమనుంచి తీసిన ప్రోటీన్‌లో, మెలమైన్ దొరికింది. ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే ఈ రసాయనం బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. కొంచెం కలిపితే చాలు, పరీక్షలో ప్రోటీన్ పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ కల్తీ సరుకు కొంత పెంపకపు చేపల మేతలోకీ చేరిందని తర్వాత తేలింది. ప్రతి డబ్బానూ అనుమానించాలని దీని అర్థం కాదు. ప్రోటీన్ శాతం ఎంత అన్నదానికన్నా అది దేనినుంచి వచ్చింది అన్నది పెద్ద ప్రశ్న అని మాత్రమే.

నిజమైన ప్రోటీనే అయినా, ఎక్కువ ఉంటే మంచిదన్న నమ్మకం సగమే నిజం. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టినది. చేపలకు ఆహారంలో తప్పనిసరిగా అందాల్సిన అమైనో ఆమ్లాలు పది. వీటిలో ఏ ఒక్కటి తక్కువైనా మిగతా తొమ్మిది ఎంత ఉన్నా కండ కట్టడం అక్కడే ఆగుతుంది. కండకు పనికిరాకుండా మిగిలిన ప్రోటీన్‌ను చేప శక్తి కోసం ఖర్చు చేసుకుంటుంది. అందులోని నత్రజనిని మొప్పల ద్వారా అమ్మోనియాగా నీళ్లలోకి వదులుతుంది. ఆ పదిలో గోధుమ, మొక్కజొన్నల ప్రోటీన్‌లో లైసిన్ తక్కువ, సోయాలో మెథియోనిన్ తక్కువ. చేపపొడి, రొయ్యజాతి జీవుల పొడి, పురుగుల పొడి ఈ విషయంలో చేప ఒంటికి దగ్గరగా ఉంటాయి. కాబట్టి గోధుమ గ్లూటెన్‌తో 50కి చేర్చిన మేత కన్నా మేలైన చేపపొడితో 40 దగ్గర ఆగిన మేతే చాలా తొట్లకు మంచిది. చేపకూ మంచిది, నీళ్లకూ మంచిది.

ఇప్పుడు డబ్బాను తిప్పి పదార్థాల జాబితా చదవాలి. బరువు ఎక్కువైనది ముందు, తక్కువైనది తర్వాత రాయడం వాడుక. ఇక్కడ రెండు మెలికలు ఉంటాయి. మొదటిది, బరువు తూచేది తయారీకి ముందు. జాబితాలో మొదట తాజా సాల్మన్ అని ఉంటే చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ పచ్చి చేపలో డెబ్బై శాతం దాకా నీరే. ఆ నీరు ఆవిరయ్యాక దాని స్థానం ఎక్కడికి జారుతుందో జాబితా చెప్పదు. ఎండబెట్టిన చేపపొడి రెండో స్థానంలో ఉన్నా దాని వాటాయే ఎక్కువ కావచ్చు. రెండో మెలిక ఇంకా సూక్ష్మమైనది. ఒక జాబితా ఇలా సాగుతుందనుకుందాం: చేపపొడి, గోధుమపిండి, గోధుమ గ్లూటెన్, గోధుమ తవుడు, సోయాపిండి. చేపపొడి మొదటి స్థానంలోనే ఉంది. గోధుమను మూడు పేర్లుగా విడగొట్టకుండా ఒకే పేరుతో రాసి ఉంటే మొదటి స్థానం దానిదే అయ్యేదేమో. ఇది కల్తీ కాదు, చట్టవిరుద్ధమూ కాదు. చదివేవారు మూడింటినీ కలిపి చూసుకోవాలి, అంతే.

పిండిపదార్థం అసలు ఉండకూడదనడం కూడా సరికాదు. గుళిక గుళికగా నిలబడాలన్నా, ఫ్లేక్ రేకుగా రావాలన్నా కొంత పిండి బంక కావాలి. అది బంకగా ఉందా, కడుపు నింపే సరుకుగా ఉందా అన్నదే తేడా. చేపలు, ముఖ్యంగా మాంసాహార చేపలు, పిండిపదార్థాన్ని శక్తిగా మార్చుకోవడంలో బలహీనమైనవి. మిగులు కాలేయంలో కొవ్వుగా చేరుతుంది.

బూడిద శాతాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ అది చాలా చెబుతుంది. మేతను కాల్చితే మిగిలే ఖనిజాల లెక్క అది. కండ తీసేశాక మిగిలిన తలలు, ఎముకల పొడి ఎక్కువైతే బూడిద పెరుగుతుంది, దానితో ఫాస్ఫరస్ కూడా పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్, కార్ప్ కుటుంబపు చేపలకు అసలు జీర్ణాశయమే లేదు. తిన్నది గొంతునుంచి నేరుగా పేగులోకి పోతుంది. ఎముకల్లోని ఫాస్ఫరస్‌ను కరిగించే ఆమ్లం వాటి దగ్గర లేదు గనుక ఆ ఫాస్ఫరస్‌లో చాలా భాగం బయటికి వచ్చి నీళ్లలో చేరుతుంది. అద్దాలకు నాచు ఎందుకు పడుతోందో తెలియక దీపాలు మార్చేవారు ఒకసారి మేత డబ్బా మీది బూడిద అంకె చూడటం మంచిది.

ఘనీభవించిన మేతకూ పొడి మేతకూ అంకెలు పోల్చేటప్పుడు తేమను తీసేయకపోతే లెక్క తప్పుతుంది. ఘనీభవించిన పురుగుల పొట్లం మీద ప్రోటీన్ 5 శాతమే అని చూసి కొందరు పక్కన పెట్టేస్తారు. అందులో తేమ 90 శాతం ఉంటే మిగిలిన 10లో 5 ప్రోటీనే, అంటే పొడి లెక్కన 50 శాతం. పక్కనున్న ఫ్లేక్స్ డబ్బాలో ప్రోటీన్ 45, తేమ 8 అయితే పొడి లెక్కన అది 49. రెండూ దాదాపు సమానం.

లేబుల్ చదవడం వచ్చినా, ఎవరి కోసం చదువుతున్నామో తెలియకపోతే ప్రయోజనం లేదు. అన్ని చేపలకూ ఒకే మేత అని రాసిన డబ్బా ఏ చేపకూ పూర్తిగా కుదరదు. చేప ముఖం చూస్తే అది ఎక్కడ తింటుందో తెలుస్తుంది. ఫైటర్ చేప నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి ఉపరితలం మీది పురుగులను, దోమ పిల్లలను అందుకోవడానికి. టెట్రాలు, ఏంజెల్ చేపల నోరు ముఖానికి ముందువైపు ఉంటుంది. అవి నీటి మధ్యలో కదిలేదాన్ని పట్టుకుంటాయి. అడుగున తిరిగే కోరిడోరస్ చేప నోరు కిందికి ఉంటుంది, దాని చుట్టూ మీసాలు ఉంటాయి. తేలే గుళికలు మాత్రమే వేసే తొట్టిలో కోరిడోరస్ మెల్లగా ఆకలితో చిక్కిపోతుంది. దాన్ని అడుగు శుభ్రం చేసే చేప అని చెప్పి అమ్మడం వల్ల జరిగే అన్యాయం ఇది. ఏ చేపా ఇతర చేపల మలం తిని బతకదు. దాని కోసం మునిగే మేతను, పైచేపలు సద్దుమణిగాక, దీపం ఆర్పాక వేయాలి. అద్దాలు గీకే చిన్న ఓటోసింక్లస్‌ది కూడా ఇదే కథ. తళతళలాడే కొత్త తొట్టిలో దానికి తినడానికి ఏమీ ఉండదు.

నోటి తర్వాత పేగు. మాంసాహార చేప పేగు దాని ఒంటి పొడవుకన్నా పొట్టిగా ఉంటుంది. నాచు తినే చేప పేగు ఒంటికి ఎన్నో రెట్లు పొడవుండి పొట్టలో చుట్టలు చుట్టుకుని ఉంటుంది. తూర్పు ఆఫ్రికాలోని మలావి సరస్సు రాళ్ల మీది నాచును రోజంతా గీకుతూ బతికే మ్బూనా సిక్లిడ్లు, టాంగన్యీకా సరస్సులోని ట్రోఫియస్ ఇలాంటివే. వీటికి కొవ్వు ఎక్కువున్న మాంసాహారం పెడుతూ పోతే పొట్ట ఉబ్బి, తిండి మానేసి చనిపోతాయని పెంచేవారికి బాగా తెలుసు. వీటికి స్పిరులినా, ఇతర నాచులు ప్రధానంగా ఉన్న మేత కావాలి. మాంసాహారి అయిన ఆస్కార్ చేపకు అదే మేత పెడితే అది సన్నబడుతుంది. గప్పీ, మోలీ మధ్యరకం. కొంత నాచు, కొంత పురుగు రెండూ కావాలి. ఆస్కార్ లాంటి పెద్ద చేపలకు బతికున్న చిన్న గోల్డ్‌ఫిష్‌లను ఆహారంగా వేసే అలవాటు ఒకటి ఉంది, అది మానుకోవాల్సినది. గోల్డ్‌ఫిష్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. రోజులు గడిచేకొద్దీ తిన్న చేప నరాలు దెబ్బతింటాయి. పైగా ఆ చిన్న చేపలతో వచ్చే జబ్బులు వేరే.

రూపం విషయానికి వస్తే, ఫ్లేక్స్ 1950ల్లో జర్మనీలో ఉల్రిచ్ బెన్ష్ తెచ్చిన కొత్తదనం. అప్పటిదాకా పురుగులు పట్టడం, పెంచడం తప్పనిసరైన ఈ వ్యాపకాన్ని ఆ రేకులు మామూలు ఇళ్లలోకి తెచ్చాయి. జావలాంటి మిశ్రమాన్ని వేడి డ్రమ్ము మీద పలుచగా పరిచి ఆరబెట్టి గీకి తీస్తారు. ఆ పలుచదనమే వాటి బలమూ, బలహీనతా. చిన్న నోటికి సులువుగా అందుతాయి. కానీ నీళ్లలో పడగానే నీటిలో కరిగే విటమిన్లు ఆ పలుచని రేకునుంచి నిమిషాల్లోనే కారిపోవడం మొదలవుతుంది. గుళిక గట్టిది, దానిలోనివి అంత త్వరగా కారవు. కాబట్టి చేప నోటికి సరిపోయే పరిమాణంలో గుళికలు దొరికితే వాటినే రోజువారీ మేతగా పెట్టుకోవడం మంచిది. ఫ్లేక్స్ వేస్తే చిటికెడు కన్నా తక్కువ వేసి, అది అయిపోయాక మరికొంత వేయాలి. పొట్ట గుండ్రంగా ఉండే గోల్డ్‌ఫిష్ రకాలకు తేలే గుళికలకన్నా మునిగేవి నయం. ఉపరితలం మీద తినేటప్పుడు అవి గాలి కూడా మింగుతాయి.

ఎంత మంచి మేతైనా పాతబడితే మంచి మేత కాదు, ఈ విషయంలోనే ఎక్కువ నష్టం జరుగుతోంది. చాలా చేపలు సి విటమిన్‌ను సొంతంగా తయారు చేసుకోలేవు. అది లోపిస్తే వెన్ను వంకర తిరుగుతుంది, గాయాలు మానవు. దాని మామూలు రూపమైన ఆస్కార్బిక్ ఆమ్లం తయారీ వేడికీ గాలికీ నశించిపోతుంది. అందుకే పదార్థాల జాబితాలో ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ లాంటి నిలకడైన రూపం కనిపిస్తే తయారీదారు శ్రద్ధ పెట్టాడని చెప్పవచ్చు. చేపనూనెలోని కొవ్వు ఆమ్లాలు చేపకు ఎంత అవసరమో, గాలి తగిలితే అంత త్వరగా మక్కిపోతాయి. మక్కిన నూనె ఇ విటమిన్‌ను హరిస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దీన్ని ఆపడానికి చేపపొడిలో ఎథాక్సీక్విన్ అనే రసాయనం కలిపేవారు. యూరోపియన్ యూనియన్ 2017లో పశువుల, చేపల మేతలో దాని అనుమతిని నిలిపివేసింది. ఇప్పుడు చాలామంది ఇ విటమిన్ రూపాలైన టోకోఫెరాల్స్, రోజ్‌మేరీ సారం వాడుతున్నారు.

డబ్బా మూత తీసి వాసన చూడటం ఏ పరీక్షకూ తీసిపోదు. తాజా మేతకు సముద్రపు ఎండుచేపల వాసన, నాచు వాసన ఉంటాయి. పాత నూనె డబ్బా అడుగున వచ్చే మక్కిన వాసన, రంగుడబ్బా తెరిచినట్టు ఘాటు తగిలితే ఇక దాన్ని వాడకూడదు. రేకును వేళ్ల మధ్య నలిపితే పొడిగా విరగాలి. మెత్తగా వంగితే తేమ పట్టినట్టే. తేమ పట్టిన చోట బూజు పడుతుంది. బూజు కంటికి కనిపించకముందే అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించవచ్చు. 1960 ప్రాంతంలో అమెరికా పెంపక కేంద్రాల్లోని ట్రౌట్ చేపలకు కాలేయ క్యాన్సర్ విపరీతంగా వచ్చింది. చివరికి కారణం మేతలో కలిపిన పత్తిగింజల పిండిలోని అఫ్లాటాక్సిన్ అని తేలింది. మేత డబ్బాను తొట్టి మూత మీద పెట్టే అలవాటు దాదాపు అందరిదీ. దీపం వేడి, నీటి ఆవిరి రెండూ తగిలే ఆ చోటుకన్నా అధ్వానమైనది ఇంట్లో మరొకటి ఉండదు. మూత తీసిన రోజు తేదీని పెన్నుతో డబ్బా మీదే రాసి, మూడు నెలల్లో అయిపోయేంత చిన్న డబ్బానే కొనాలి. పెద్ద డబ్బాలో గ్రాము చవక పడుతుంది, కానీ ఆరో నెలలో వేసే గ్రాములో కొన్ని విటమిన్లు పేరుకు మాత్రమే మిగులుతాయి. ఫ్రిజ్‌లో పెట్టేవారు కొంచెం కొంచెంగా విడదీసి గాలి చొరని సీసాల్లో పెట్టి, బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు మూత తీయకూడదు.

పొడి మేత ఒక్కటే ఎంత మంచిదైనా వారంలో ఒకటి రెండుసార్లు వేరే రకం ఇవ్వాలి. డాఫ్నియా అనే చిన్న నీటి జీవి పెంకులో పీచులా పనిచేసే కైటిన్ ఉంటుంది, పేగు కదలికకు అది మంచిది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యజాతి జీవి) పిల్లలు అర మిల్లీమీటరు కూడా ఉండవు. పిల్ల చేపలకు వాటికి సాటి లేదు, కానీ పొదిగిన కొన్ని గంటల్లోనే తినిపించాలి. పచ్చసొన నిల్వ కరిగిపోతే వాటి విలువా కరిగిపోతుంది. బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్రటి పురుగులను చేపలు ఎగబడి తింటాయి, కాబట్టి అవే రోజూ వేయాలనిపిస్తుంది. అవి రుచి కోసమే, రోజువారీ భోజనం కాదు. ఎండబెట్టిన బ్లడ్‌వార్మ్స్ పొడి కొందరు మనుషులకు తీవ్రమైన అలర్జీ తెస్తుంది. ముఖానికి దూరంగా తెరవాలి, చేతులు కడుక్కోవాలి. బతికున్న ట్యూబిఫెక్స్ మురుగు మట్టిలో పెరిగే పురుగు. ట్రౌట్ చేపలను సుడులు తిప్పి చంపే జబ్బు కారకం తన జీవితంలో సగం ఈ పురుగు ఒంట్లోనే గడుపుతుందని 1984లో తేలింది. ఘనీభవించినది శుభ్రంగా దొరుకుతుంటే బతికున్నదాని కోసం అంత ప్రమాదం ఎందుకు? డిస్కస్ చేపకు గొడ్డు గుండె మాంసం పెట్టే పాత పద్ధతికీ ఇదే మాట వర్తిస్తుంది. క్షీరదాల కొవ్వు తొట్టి నీటి ఉష్ణోగ్రతలో గట్టిగా ఉండిపోతుంది, చేప పేగుకు అది బరువు.

రంగు పెంచే మేతలో మాయ ఏమీ లేదు. ఎరుపు, నారింజ రంగులను ఇచ్చే కెరోటినాయిడ్లను చేప తయారు చేసుకోలేదు, తిండినుంచి తెచ్చుకోవాలి. క్రిల్ (చిన్న సముద్రపు రొయ్యజాతి జీవి), రొయ్యపొడి, కొన్ని నాచుల్లోని అస్టాజాంతిన్ అనే కెరోటినాయిడ్ ఆ పని చేస్తుంది. జాబితాలో ఇవి కనిపిస్తే చాలు. కృత్రిమ రంగు మేతను అందంగా చూపిస్తుందే తప్ప చేపకు ఉపయోగపడదు.

ఇక పరిమాణం. 45 శాతం ప్రోటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే అందులో 0.45 గ్రాముల ప్రోటీన్, దానిలో 72 మిల్లీగ్రాముల నత్రజని ఉంటాయి. అందులో సగం అమ్మోనియాగా నీళ్లలోకి వచ్చినా 60 లీటర్ల తొట్టిలో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు అవుతుంది. ఫిల్టరులోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చకపోతే మొప్పలు కాలుతాయి. అరగని ప్రోటీన్ ఉన్న మేతైతే ఈ వాటా ఇంకా పెరుగుతుంది. చవక మేత వేసేవారు ఆ తేడాను నీళ్లు మార్చే శ్రమగా చెల్లిస్తారు. రోజుకు రెండుసార్లు, ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయేంత వేయడం ఎదిగిన చేపల్లో చాలావాటికి సరిపోతుంది. జీర్ణాశయం లేని గోల్డ్‌ఫిష్‌కు అదే పరిమాణాన్ని ఇంకా చిన్న వాయిదాలుగా వేయాలి.

మేత మార్చాలనుకుంటే పాతదానిలో పావువంతు కొత్తది కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చవచ్చు. గుళికను నోట్లోకి తీసుకుని ఉమ్మి, మళ్లీ అందుకుని మళ్లీ ఉమ్ముతుంటే చేపకు రుచి నచ్చలేదని వెంటనే అనుకోకూడదు. చాలాసార్లు గుళిక దాని నోటికి పెద్దది, అంతే. సగానికి నలిపి వేసి చూడాలి. ఆ తర్వాత నాలుగు వారాలు గమనించాలి. మలం తిన్న మేత రంగులో, పొట్టిగా, తెగి పడుతోందా, లేక తెల్లగా దారంలా వేలాడుతోందా? పొట్ట లోపలికి పీక్కుపోయిందా? రెక్కల అంచులు నిండుగా ఉన్నాయా? చివరగా ఫిల్టరు స్పాంజిని, ఇంతకుముందు ఎన్ని రోజులకు తీసేవారో అన్ని రోజులకే తీసి, తొట్టి నీళ్లున్న బకెట్‌లో పిండాలి. అంతే మేత వేసినా ఆ బకెట్‌లో దిగే బురద మునుపటికన్నా తగ్గిందంటే, ఆ తగ్గినది చేప ఒంట్లోకి చేరింది.